రంగంలో డబ్బాడు బియ్యం

2018లో మావారికి యాంగోన్ బదిలీ అయిందని ఫోన్‌లో చెబితే మా నాయనమ్మకి ముందు అర్థం కాలేదు. "రంగూన్, నాయనమ్మా" అన్నాను. "రంగమా! మా అయ్య పోయిన ఊరే కదే!" అంది. శ్రీకాకుళం వైపు పాతవాళ్ళకి ఆ ఊరు రంగమే. మా ముత్తాత అక్కడి రైసుమిల్లులో బస్తాలు మోశాడట. నాలుగేళ్ళకి కాళ్ళు నీరు పట్టి, తిమ్మిర్లతో అడుగు వెయ్యలేక ఓడెక్కి తిరిగొచ్చేశాడట. "అక్కడి నీళ్ళు పడలేదు" అని ఇంట్లో చెప్పుకునేవారు.

యాంగోన్‌లో మా ఇల్లు కందోజీ చెరువుకి దగ్గర. పొద్దున్నే కిటికీ తీస్తే నెత్తిన పళ్ళెం పెట్టుకుని అమ్మే ఆడవాళ్ళ కేకలు వినిపించేవి. వాళ్ళమ్మేది మొలకెత్తించి ఉడికించిన బఠాణీలు. వీధి చివర మొహింగా బండి. చేపల పులుసులో అరటి దూట ముక్కలు, నిమ్మగడ్డి వేసి మరిగించి, బియ్యపు సేమ్యా మీద పోసి ఇస్తారు. బర్మా వాళ్ళకి అదే టిఫిను.

కూరగాయలకి అనోరఠా రోడ్డు దగ్గరి తెయిన్‌జీ బజారుకి వెళ్ళేదాన్ని. పక్కనే తమిళుల కాళీ అమ్మవారి గుడి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఓ తట్టలో గోంగూర కట్టలు చూసి అక్కడే నిలబడిపోయాను! వాళ్ళు చిన్‌బాంగ్ అంటారు, చిన్ అంటే పులుపు. రొయ్యలు, వెదురు కొమ్ములు వేసి వేపుతారు. మునక్కాయలు, సరస్వతి ఆకు కూడా దొరికేవి. ఆ రోజు నాకు పుట్టింటికొచ్చినట్టే అనిపించింది.

ఈ సంబరంలో ఏడాది గడిచాక మావారి ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టు వచ్చింది. హెచ్‌బీఏ1సీ 6.3. ఆ లెక్క 6.5కి చేరితే షుగరు వచ్చినట్టే. ఆయనకప్పటికి 39 ఏళ్ళు. కాకినాడలో మా మామగారు పదేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్నారు. "మేం స్వీట్లే తినం కదండీ" అన్నాను డాక్టరుగారితో. ఆయన నవ్వి, "రోజుకి ఎన్ని టీలు? ఎంత అన్నం?" అని అడిగారు.

టీల లెక్క తేలిగ్గానే తేలింది. యాంగోన్‌లో సగం పనులు టీ కొట్లోనే జరుగుతాయి. పొట్టి స్టూళ్ళు, చిక్కటి టీ, అందులో కండెన్స్‌డ్ మిల్క్. మావారికి రోజుకి నాలుగు కప్పులు. అన్నం లెక్కే తెలియలేదు, నేనెప్పుడూ కొలిస్తే కదా!

ఆ రాత్రి ముత్తాత సంగతి గుర్తొచ్చింది. బీఎస్సీలో బయోకెమిస్ట్రీ చదివాను, ఆ పాత పాఠాలు మళ్ళీ తిరగేశాను. కాళ్ళు నీరు పట్టడం, తిమ్మిర్లు, నడవలేకపోవడం... ఇవి బెరిబెరీ లక్షణాలు. బాగా పాలిష్ పట్టిన బియ్యమే తింటూ, వేరే ఆహారం అంతంత మాత్రంగా ఉంటే బీ1 విటమిన్ చాలక వచ్చే జబ్బు. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డాక్టరు కోళ్ళని పరిశీలించి ఈ గుట్టు పట్టుకున్నాడు. తెల్లన్నం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలబడేవి, పొట్టు తీయని బియ్యం వేస్తే లేచి తిరిగేవి.

మన కోస్తా జిల్లాలకి ఈ జబ్బు కొత్త కాదు. ఉత్తర సర్కారుల్లోని బెరిబెరీ మీద మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో పుస్తకం అచ్చువేయించాడు. తర్వాత కూనూరు పరిశోధనశాలలో ఐక్రాయిడ్ బృందం ఇంకో సంగతి గమనించింది. పచ్చి బియ్యం మర పట్టించుకు తినే సర్కారుల్లోనే జబ్బుంది, ఉప్పుడు బియ్యం తినే చోట్ల లేదు. వడ్లు ఉడకబెట్టినప్పుడు పై పొరలోని బీ1 గింజ లోపలికి ఇంకుతుంది. ఆ కూనూరు సంస్థే తర్వాత హైదరాబాదు తార్నాకకి వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

మా ముత్తాతకి వచ్చింది బెరిబెరీయేనని ఇప్పుడెవరూ తేల్చలేరు. కానీ ఆయన రోజంతా తవుడు దుమ్ములో తిరిగి, రాత్రి తవుడు పోయిన అన్నం తిన్నాడని మాత్రం అనుకోవచ్చు. దానికితోడు మనం బియ్యం మూడుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తాం. మిగిలిన కాస్త బీ1 కూడా ఆ నీళ్ళతోనే పోతుంది. బర్మాలో మొన్నమొన్నటి దాకా పసిపిల్లలు ఈ జబ్బుతో పోయేవారు. పథ్యం పేరుతో బాలింతలకి అన్నం తప్ప పెద్దగా ఏమీ పెట్టకపోవడం ఒక కారణం. మన బాలింత పథ్యాలు గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

బెరిబెరీ వేరు, షుగరు వేరు. కాకపోతే రెండిటికీ కంచంలో ఉన్నది ఆ తెల్లన్నమే. ముత్తాత బస్తాలు మోసి దాన్ని అరిగించుకున్నాడు, మనం లిఫ్టు ఎక్కుతాం. 21 దేశాల్లో చేసిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. రోజుకి 450 గ్రాములు, ఆపైన తెల్లన్నం తినేవారిలో షుగరు ముప్పు ఎక్కువగా కనిపించింది, అదీ మన దక్షిణాసియాలో మరీ ఎక్కువట.

నేను అన్నం మాన్పించలేదు. మానేస్తే పది రోజులకి రెట్టింపు తింటారని నాకు తెలుసు! మా పక్కింటి బర్మా అక్క బియ్యాన్ని ఖాళీ కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాతో కొలిచేది. ఆ ఊళ్ళో బియ్యం కొలత అదే, ఎనిమిది డబ్బాలైతే ఒక ప్యీ. నేనూ ఓ డబ్బా తెచ్చుకుని కొలిచి చూస్తే, ముగ్గురికి పూటకి దాదాపు రెండు డబ్బాలు వండుతున్నాను. మెల్లగా ఒక డబ్బాకి తెచ్చాను. ఆ ఖాళీని గోంగూర పప్పు, బఠాణీలు, వాళ్ళ భోజనంలో తప్పనిసరిగా ఉండే పచ్చి ఆకుల పళ్ళెంతో నింపాను. వాళ్ళ కూరల్లో నూనె పైకి తేలాలి, మన కూరల్లో లాగే. ఆ అలవాటు మాత్రం నేర్చుకోలేదు.

టీ కొట్లో ప్రతి బల్ల మీదా ఉచితంగా ఉత్త టీ కెటిల్ ఉంటుంది, చక్కెర లేనిది. మావారు దానికి మారడానికి నెల పట్టింది. రాత్రి భోజనమయ్యాక ముగ్గురం చెరువు గట్టున నడిచేవాళ్ళం. నీళ్ళలో ష్వేడగాన్ గోపురం బంగారంలా మెరుస్తుంటే, మా బాబు ఆ వెలుగుని పట్టుకోవాలని ముందు పరుగెత్తేవాడు.

ఆరు నెలలకి రిపోర్టు 5.9. సంక్రాంతికి ఇంటికెళ్ళొచ్చాక మళ్ళీ 6.1. ఇది ఒకసారి గెలిచి ఊరుకునే ఆట కాదని అప్పుడర్థమైంది.

ఇప్పుడు సింగపూర్‌లో ఉంటున్నాం. బియ్యం డబ్బాలో ఆ పాలడబ్బా ఇప్పటికీ ఉంది, అంచు కాస్త తుప్పు పట్టింది. మొన్న మా అత్తగారు వచ్చి, "ఇదేంటమ్మా, గ్లాసులు లేవా?" అన్నారు. ముత్తాత కథ మొత్తం చెప్పాను. తిరుగు ప్రయాణంలో ఆవిడ అలాంటిదే ఒకటి సర్దమన్నారు, మామగారి కోసం.