మంచుదారిన బండి ప్రయాణము

మన తెలుగునందు మంచు అను మాట యొక్కటే. ధనుర్మాసమున తెల్లవారుజామున గుమ్మడిపూలపై నిలుచు బిందువులును మంచే. పొలముపై కమ్ముకొను తెల్లని పొగయు మంచే. హిమాలయములపై దూదివలె రాలునదియు మంచే. నీరు పేరుకొని రాయియైనచో దానిని మంచుగడ్డ యందుము. మంచు కురియని నేలపై పెరిగిన భాషకు ఇంతకంటె మాటలతో పనిలేకపోయెను. కాని ఆ మంచుపై బండి నడుపువానికి ఇవి యన్నియు ఒకటి కావు. ఒకదానికి మందైనది మరియొకదానికి విషమగును.

ఈ సంచికకు ఏదేని వ్రాయుడని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, మేము పండుగలను గూర్చియో పూర్వుల వలసను గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. ఆ విషయములు వ్రాయుటకు మాకంటె చదివినవారు మన సంఘమున చాలమంది కలరు. ఈ నడుమ మన బెంగుళూరు తెలుగు కుటుంబముల పిల్లలు డిసెంబరు సెలవులు రాగానే మనాలికిని లేహ్‌కును పోయి, అద్దెకు జీపులు తీసికొని, బాట విడిచి మంచులోనికి నడుపుచున్నారు. తల్లిదండ్రులు ఆ ఛాయాచిత్రములను సంతోషముతో మాకు చూపుచున్నారు. మేము లడఖు ప్రాంతమున ఒక రహదారుల కార్యాలయములో గుమాస్తాగా మూడు చలికాలములు గడపితిమి. కావున అచ్చట కన్నదియు విన్నదియు నాలుగు మాటలలో చెప్పుట మా విధియని తోచినది.

ఆ దారులతో మన ఊరికి సంబంధము క్రొత్తది కాదు. హలసూరు చెరువు ప్రక్కన మద్రాసు శాపర్ల దళము ఉన్న సంగతి మనకందరకు తెలిసినదే. దక్షిణదేశపు యువకులతోపాటు తెలుగువారును అందు తరతరములుగా చేరుచున్నారు. 1948లో జోజిలా కనుమను శత్రువులు పట్టుకొని లేహ్‌కు దారి మూసినప్పుడు, బాల్తాల్ నుండి కనుమపైకి పోవు కంచరగాడిదల బాటను ట్యాంకులు ఎక్కుటకు తగినట్లు విస్తరించినవారు ఈ శాపర్లే. కొడగుసీమకు చెందిన జనరల్ తిమ్మయ్యగారు ఆ పోరాటమును నడపిరి. తేలిక రకపు స్టువర్టు ట్యాంకుల తలభాగములను విడదీసి రహస్యముగా తరలించి, నవంబరు 1వ తేదీన సుమారు 11,500 అడుగుల ఎత్తుననున్న ఆ కనుమపైకి ఎక్కించిరి. అంత ఎత్తునకు ట్యాంకులు రాగలవని శత్రువు ఊహింపలేదు. మంచుదారిలో బండి గెలుచుటకు ముందు పారయు పలుగును గెలువవలెనని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

మా కార్యాలయమున బరంపురము తెలుగువాడగు ఒక డ్రైవరు ఉండెను. వయస్సున మాకు పెద్ద. మేము ఆయనను అన్నా యని పిలిచెడివారము. ఆయన మమ్ము గుమాస్తా బాబూ అనెడివాడు. ఆయన తెలుగులో ఒరియా యాస, మా తెలుగులో కన్నడ యాస. అయినను ఆ చలిదేశమున ఇద్దరకును అదియే పుట్టినిల్లు. మంచునకు ఆయన తనకు తాను నాలుగు పేర్లు పెట్టుకొనెను. క్రొత్తగా రాలినది పిండి. రాత్రి చలికి పైపొర గట్టిపడి లోపల గుల్లగా నున్నది అట్టు. మధ్యాహ్నపు ఎండకు కరగినది జావ. ఆ జావ సాయంకాలమునకు మరల గడ్డకట్టి నల్లగా మెరయునది అద్దము.

ఈ నాలుగు మాటలు తెలిసినచో సగము విద్య వచ్చినట్లే. పిండిలో చక్రము దిగిపోవును గాని జారుట తక్కువ. అచ్చట టైర్ల గాలి కొంత తగ్గించి, తక్కువ గేరులో, ఆగక ఒకే వేగముతో పోవలెను. అట్టుపై ఉదయమున బండి నిలుచును, ఎండ యెక్కిన పిదప అదే చోట విరిగి దిగబడును. జావలో చక్రములు ఈడ్చుకొని పోవును. అద్దముపై మాత్రము ఏ చక్రమునకును పట్టు లేదు, ఇనుపగొలుసులు కట్టినవానికి తప్ప. నాలుగు చక్రములకును శక్తి నిచ్చు వాహనమున్న చాలునని మన పిల్లలు భ్రమపడుచున్నారు. ఆ శక్తి బండిని కదలించుటకు తోడ్పడును గాని ఆపుటకు కాదు. ఆపవలసినప్పుడు అన్ని బండ్లును ఒకటియే.

కావున దిగుడులో బ్రేకుపై కాలు మోపుటకు ముందే గేరు తగ్గించి, ఇంజనుచేతనే బండిని పట్టింపవలెను. వెనుకభాగము జారినచో బ్రేకు తొక్కక, అది ఏ వైపునకు జారుచున్నదో ఆ వైపునకే స్టీరింగును మెల్లగా త్రిప్పవలెను. గొలుసులను ఇంజను త్రిప్పు చక్రములకు కట్టవలెను. కొంతదూరము పోయిన పిమ్మట ఆగి మరల బిగింపవలెను. బాట విడిచి పోవునప్పుడు మా డ్రైవరు సూత్రము, ముందు కాలు, తరువాత చక్రము. కఱ్ఱతో పొడిచి చూడనిదే ఆయన ఒక్క గజమైనను బండిని పోనిచ్చెడివాడు కాడు. మంచుక్రింద గోతియు, వాగును, మైదానమును ఒకే తెలుపున నుండును.

ఇక బండికి వచ్చు రోగములు. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి సుమారు 9 వంతులు ఉబ్బును. రేడియేటరులో వట్టి నీరున్నచో ఒక్క రాత్రిలో ఇంజను దిమ్మ పగులును. గ్లైకాలును నీటిని సమపాళ్లలో కలిపిన ద్రవమైనచో సుమారు −37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. బ్యాటరీ శక్తి −18 డిగ్రీల వద్ద దాదాపు సగమునకు పడిపోవును. డీసిలులోని మైనము చలికి పేరుకొని ఫిల్టరును మూసివేయును. −33 డిగ్రీల వరకు పారెడి శీతకాలపు డీసిలు లడఖునకు 2019లో వచ్చినది. మా దినములలో అది లేదు. కిరసనాయిలు కలిపి కాలక్షేపము చేసెడివారు. నేడైనను మైదానప్రాంతమున టాంకు నింపుకొని పైకి పోవు బండిలోనిది మామూలు డీసిలే యని మరువరాదు. రాత్రి నిలుపునప్పుడు చేతిబ్రేకు వేసినచో అది గడ్డకట్టి విడువదు. బండిని గేరులో నుంచి చక్రముల క్రింద రాళ్లు పెట్టవలెను. అద్దముపై వేడినీరు పోసినచో పగులును.

ఈ పాఠములన్నియు మాకు ఒక్క రాత్రి కనుల యెదుట జరిగినవి. 1992 జనవరిలో కార్గిల్ వైపు కూలీలకు జీతములు పంచి, పట్టీలతో లేహ్‌కు మరలుచుంటిమి. మా డ్రైవరు, ఉత్తరదేశీయుడగు ఒక యువ ఇంజనీరు, మేము, ముగ్గురమే. ఆ రహదారిలో కెల్ల ఎత్తైన ఫోటులా కనుమ, సుమారు 13,500 అడుగులు, దాటి లామయూరు వైపు దిగుచుండగా కొండచరియనుండి మంచు జారి బాటను మూసియుండెను. డ్రైవరు కఱ్ఱతో నడచి చూచి, ప్రక్కవాలుపై జీపును పోనిచ్చెను. సగము దాటిన పిమ్మట అట్టు విరిగి వెనుకచక్రము ఇరుసువరకు దిగెను. పారతో త్రవ్వితిమి, చక్రము క్రింద గోనెలు పరచితిమి. ప్రొద్దు గ్రుంకెను. గాలి లేచెను.

ఇంజనీరు దిగి నడచిపోదమనెను. గ్రామము దిగువనే యున్నది గదా యని ఆయన వాదము. డ్రైవరు ఆయనకు బదులు చెప్పక మా వైపు తిరిగెను. “గుమాస్తా బాబూ, ఆయనకి మీరు చెప్పండి. బండి అయితే రేపు కనబడుతుంది. మనిషి కనబడడు.” మేము హిందీలో చెప్పితిమి. ఆయన అయిష్టముగా కూర్చుండెను. డ్రైవరు ఎఱ్ఱగుడ్డను కఱ్ఱకు కట్టి జీపు పైకప్పున నిలిపెను.

గంటకొకసారి పది నిమిషములు ఇంజను నడపి వేడి చేసికొనుచుంటిమి. ప్రతిసారియు డ్రైవరు ముందు దిగి, పొగగొట్టము చుట్టు మంచును పారతో తీసి, కిటికీని రెండంగుళములు తెరచి, అప్పుడుగాని ఇంజనును ముట్టడు. చలికి ఓర్వలేక ఇంజనీరు, కిటికీ మూసి ఇంజనును ఆపక నడుపుమని ఆజ్ఞాపించెను. అప్పుడు డ్రైవరు మాతో తెలుగున మెల్లగా చెప్పిన మాటలు ఇప్పటికిని మా చెవులలో నున్నవి. కొన్ని యేండ్లక్రిందట అదే దారిలో తెల్లవారి ఆయన ఒక లారీ తలుపు తెరచెను. ఇద్దరు కూర్చుండి నిద్రించుచున్నట్లుండిరి. చెక్కిళ్లు ఎఱ్ఱగా ఉండెను. పొగగొట్టము మంచులో కప్పబడి, ఇంజను డీసిలు అయిపోవువరకు నడచి ఆగినది. వారిలో ఒకడు ఆయన ఊరివాడే. “పిలిచాను బాబూ. పేరుపెట్టి పిలిచాను, మన తెలుగులోనే పిలిచాను. పలకలేదు.”

ఆ మాటలను మేము ఇంజనీరునకు హిందీలో వినిపించితిమి. ఆయన కొంతసేపు ఊరకుండెను. తరువాత డ్రైవరు చేతినుండి పార తీసికొని తానే దిగెను. ఆ రాత్రి మరల ఆయన కిటికీ మాట యెత్తలేదు.

అర్ధరాత్రి దాటిన పిదప డీసిలు మిగుల్చుకొనుటకై ఇంజనును పూర్తిగా ఆపితిమి. డ్రైవరు బ్యాటరీని విప్పి కంబళిలో చుట్టి మా కాళ్ల నడుమ నుంచెను. నిద్రపోకుండుటకు ముగ్గురమును మా ఊళ్ల మాటలు చెప్పుకొంటిమి. తెల్లవారునప్పటికి డీసిలు మైనమై యుండెను. డ్రైవరు బండి వెలుపల స్టవ్వుపై మంచు కరగించి కాచి, ఆ వేడినీట గుడ్డలు ముంచి పిండి ఫిల్టరునకు చుట్టెను. అరగంట ఆ సేవ చేసి, చేతిపంపుతో డీసిలు ఎక్కించి, వెచ్చగా నున్న బ్యాటరీని బిగించి మీట త్రిప్పగా రెండవసారికి ఇంజను పలికెను. పది గంటలకు లామయూరు వైపునుండి బుల్డోజరు వచ్చినది. వారు దూరముననే ఎఱ్ఱగుడ్డను చూచిరట. త్రాడు కట్టి మమ్ము బాటపైకి లాగిరి. జీతపు పట్టీలు ఆ సాయంకాలమునకే కార్యాలయము చేరినవి.

ఇది పాతకథ యని త్రోసివేయరాదు. 2022 జనవరి 7, 8 తేదీలలో పాకిస్తానునందలి ముర్రీ కొండపట్టణమునకు మంచు చూడవచ్చిన జనులు కార్లలో చిక్కుకొని 20 మందికి పైగా మరణించిరి. కొందరిని చంపినది చలి కాదు, ఇంజను పొగయే. కార్బన్ మోనాక్సైడను ఆ వాయువునకు రంగులేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తరువాత మత్తు, ఆపైన ఏమియు లేదు. మన దేశమునను 2020 అక్టోబరు 3న 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగము తెరచినప్పటినుండి, పూర్వము చలికాలమంతయు మూతబడిన రోహ్‌తంగ్ కనుమకు ఆవలి సీమకు జనవరిలోను బండ్లు పోవుచున్నవి. దారి సులభమైనది. మంచు మాత్రము మునుపటిదే.

పిల్లలను పోవద్దనుట మా ఉద్దేశము కాదు. ఆ తెల్లని కొండలపై సూర్యోదయము చూచినవాని జన్మ ధన్యము. పెద్దలు మాత్రము బయలుదేరుటకు ముందు వారిని కూర్చుండబెట్టి ఈ నాలుగు మాటలు తెలుగున చెప్పవలెనని మా ప్రార్థన. చిక్కుకొన్నచో బండిని విడువరాదు. పొగగొట్టము తీయక ఇంజనును నడుపరాదు. కిటికీని పూర్తిగా మూయరాదు. స్థానికుడైన డ్రైవరు వలదన్నచోటికి పోరాదు. క్షేమముగా వెళ్లి లాభముగా రండని దీవించుట మన ఆచారము. ఆ దీవెనతోపాటు బండిలో ఒక పార, గొలుసులు, త్రాడు, కంబళి, ఒక ఎఱ్ఱగుడ్డ ఉన్నవో లేవో ఒకమారు చూచుకొనుడు.