నీళ్లు లేని కాడ ఊరెందుకు కట్టినవ్?

"నీళ్లు లేని కాడ ఊరెందుకు కట్టినవ్‌రా?"

బాపు ఈ మాట అడిగినప్పుడు నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని క్రీస్తుపూర్వం 4000లో ఉన్నాను. బాపు మాత్రం 2020 మే నెలాఖరులో, భైంసాలో మా ఇంటి ముందు మంచంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

లాక్‌డౌన్ రోజులు. హైదరాబాద్‌లో నేను పని చేసే కంపెనీ జీతం సగానికి కోసి, ఇంటి నుంచే పని చేయమంది. తర్వాత ఆ పని కూడా తగ్గిపోయింది. బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేశాను. పొద్దంతా ఏం చేయాలో తోచేది కాదు. సరిగ్గా అప్పుడే 'సివిలైజేషన్ 6' ఆటను ఎపిక్ గేమ్స్ స్టోర్ వారం రోజులు ఉచితంగా ఇచ్చింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద డౌన్‌లోడ్ కావడానికి రెండు రాత్రులు పట్టింది. ఆ తర్వాత ఎన్ని రాత్రులు పోయాయో లెక్కపెట్టలేదు.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ ఆటను మొదట 1991లో సిడ్ మయర్, బ్రూస్ షెల్లీ అనే ఇద్దరు తయారు చేశారు. నేనాడింది ఆరో ఆట, 2016లో వచ్చింది. ఇందులో తుపాకులు పట్టుకుని ఉరకడం ఉండదు. పులిమేకలాగా నిమ్మళంగా ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయాలి. ఒక ఎత్తును ఒక టర్న్ అంటారు. మొదట్లో ఒక్కో టర్న్‌కు 40 ఏళ్లు గడిచిపోతాయి. మీ చేతిలో ఉండేది ఇద్దరే. ఊరు కట్టే సెట్లర్ ఒకడు, కాపలాకు యోధుడు ఒకడు. చుట్టూ ఏముందో కనిపించదు. నడిచిన కొద్దీ నేల బయటపడుతుంది. అక్కణ్నుంచి మొదలుపెట్టి ఊళ్లు కట్టి, చదువులు నేర్చి, చివరికి అంతరిక్షం దాకా పోవాలి.

అంతరిక్షం సంగతి తర్వాత. నేను మొదటి యాభై టర్న్‌లలోనే మునిగేవాణ్ని.

నా మొదటి తప్పు ఆశ. ఆట మొదలైన చోటనే ఊరు కట్టకుండా, ఇంకా మంచి జాగ దొరుకుతుందని సెట్లర్‌ను ఆరు టర్న్‌లు నడిపించాను. అంటే 240 ఏళ్లు! అప్పటికి పక్క రాజులు రెండో ఊరికి సిద్ధమవుతున్నారు. చివరికి గుట్టలు, పాలరాయి చూసి మురిసిపోయి ఒక చోట ఊరు కట్టాను. చూడ్డానికి బాగుంది కానీ దగ్గర్లో నది లేదు. బాపు అడిగింది ఆ ఊరి గురించే.

ఆటలో దీనికి లెక్క ఉంది. నది గానీ చెరువు గానీ ఆనుకుని ఊరు కడితే మొదట్లోనే ఐదుగురికి నీడ దొరుకుతుంది. సముద్రం ఒడ్డయితే ముగ్గురికి. నీళ్లే లేకపోతే ఇద్దరికి. ఆ హద్దు దగ్గరికి వచ్చేసరికి ఊరు పెరగడం మందగిస్తుంది. ఈ లెక్క నాకు ఆటలు ఆడీ ఆడీ తెలిసింది. బాపుకు తెర చూడంగానే తెలిసింది. సుద్దవాగు ఒడ్డున పుట్టి, గడ్డెన్నవాగు ప్రాజెక్టు కట్టకముందు, కట్టిన తర్వాత కూడా అదే నేల మీద బతికిన మనిషికి ఒకరు చెప్పాల్నా?

మరుసటి రోజు నది పక్కన మొదలుపెట్టాను. బాపు చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అదే మా అలవాటైంది.

రెండో తప్పు గొప్పకు పోవడం. స్టోన్‌హెంజ్ అనే అద్భుత కట్టడాన్ని మొదట్లోనే కట్టవచ్చు. నా ఒక్కగానొక్క ఊరును ఆ పనికే పెట్టాను. సగం అయ్యేసరికి ఇంకో రాజు కట్టేశాడు. ఒక్కటి ఎవరైనా కడితే మిగతావాళ్లకు ఇక లేదు. అసలు సంగతేమిటంటే, నేను తెలిసీ తెలియక అతి కష్టమైన స్థాయి పెట్టుకున్నాను. ఆ స్థాయిలో కంప్యూటర్ రాజులు మొదటి టర్న్‌లోనే మూడేసి సెట్లర్లతో దిగుతారు. మనకు ఒక్కడే. బాపుకు ఇది చెప్తే నవ్విండు.

"అంటే వాళ్లు షావుకార్లు. షావుకారు కమాన్ గట్టిండని మనం గూడ కమాన్ గడ్తే, ఇల్లెప్పుడు గడ్తం?"

స్థాయి తగ్గించుకున్నాను. కమాను కట్టడం మానేశాను.

మూడోది కాపలా. ఈ ఆటలో బార్బేరియన్లు అని ఉంటారు, ఏ రాజ్యానికీ చెందని దోపిడీ మూక. ముందుగా వాళ్ల వేగు ఒకడు వస్తాడు. మన ఊరిని చూస్తాడు, తిరిగి వాళ్ల గుడారానికి పోతాడు. ఆ పోవడం పోయాడంటే కొన్ని టర్న్‌లలోనే గుంపు దిగుతుంది. నేను మొదట్లో ఆ ఒక్కణ్ని చూసి, వీడేం చేస్తాడులే అని వదిలేసేవాణ్ని.

"అడవిపంది గూడ గంతే," అన్నాడు బాపు. "ఫస్టు రోజు ఒక్కటే వస్తది. మక్క చేను వాసన చూసి పోతది. రేపు మందనంత తోలుకొస్తది. ఆ ఒక్కదాన్ని తరమాలె."

తరమడానికి ఆటలో చవకైన సిపాయి ఉన్నాడు. స్లింగర్ అంటారు. ఆ బొమ్మ చూడంగానే బాపు మొహం వెలిగింది. "ఒడిసెల గదరా ఇది!" చిన్నప్పుడు జొన్న చేన్లో మంచె ఎక్కి పిట్టలను కొట్టింది దానితోనేనట. ఒడిసెల వాడు ఒక్క శత్రువును పడగొడితే చాలు, విలువిద్య నేర్చుకునే శ్రమ సగం తగ్గిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చాలామంది ముందు దారి చూసే స్కౌట్‌ను, తర్వాత ఒడిసెల వాణ్ని, ఆ తర్వాత సెట్లర్‌ను తయారు చేస్తారు. చూడు, కాచుకో, అప్పుడు పెరుగు. వరస అదే.

పక్క రాజు మొదటిసారి ఎదురుపడినప్పుడు కానుకతో రాయబారిని పంపవచ్చు. 25 బంగారు నాణేలు ఖర్చు. నేను దండగ అనుకునేవాణ్ని. బాపు ఒప్పుకోలేదు. "గెట్టు పక్కోనితోని పంచాయితీ పెట్టుకుంటే ఇగ పంటేం చూస్తవ్? ఇచ్చి పంపు." భైంసా పేరు పేపర్లో పెద్దక్షరాలతో వచ్చేది ఎక్కువగా గొడవలైనప్పుడే. దుకాణాలు మూసిన రోజులు ఎట్లుంటాయో చూసిన మనిషి మాట అది. పంపాను.

ఇంతలో మిరుగం వచ్చింది. తెర మీది ఆట కాదు, అసలుది మొదలైంది.

మాకు ఆరెకరాల నల్లరేగడి. ఆ వానాకాలంలో ప్రభుత్వం మక్క వెయ్యొద్దు, పత్తి, కంది పెంచండి అని చెప్పింది. పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 5,825 రూపాయల మద్దతు ధర ప్రకటించారు. భైంసా అంటేనే పత్తి మార్కెట్టు, జిన్నింగ్ మిల్లులు. నేను ఎక్సెల్‌లో లెక్కలు వేసి బాపు ముందు పెట్టాను. ఆరెకరాలూ పత్తే వేద్దాం, ఉన్న పైసలన్నీ ఇప్పుడే పెడదాం అని.

బాపు లెక్కలన్నీ ఓపికగా చూశాడు. తర్వాత మూడెకరాల్లో పత్తి పెట్టాడు. రెండెకరాల్లో సోయా, మధ్యలో కంది సాళ్లు. ఒక ఎకరం వదిలేశాడు. విత్తనాల పైసల్లో కొంత బీరువాలోనే ఉంచాడు.

"ఎకరం ఖాళీగా ఎందుకు బాపూ?"

"నువ్వు ఒడిసెలోన్ని ఊరి కాడ ఊకెనే నిలబెడ్తవ్ గద. గట్లనే."

నాకు కోపం వచ్చింది. ఆటను, వ్యవసాయాన్ని ఒకటి చేస్తున్నాడనుకున్నాను. రెండు వారాలకు సంగతి తెలిసింది. కొన్న సోయా విత్తనం సగం మొలవలేదు. కంది సాళ్లు మాత్రం పచ్చగా లేచాయి, వాటి మధ్య నల్ల మట్టి కనిపిస్తోంది. ఆ రోజు చేన్లో కూర్చుని నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఆటయితే ఈపాటికి రీస్టార్ట్ నొక్కేవాణ్ని. అప్పటికి అట్ల పదకొండుసార్లు నొక్కాను.

బాపు గెట్టు పక్కాయన దగ్గరికి పోయాడు. ఆయన ఇంట్లో దాచుకున్న పాత పంట విత్తనం ఉంది. మనిషి మంచోడు, మాకు మాటా మంతీ ఉంది, ఇచ్చాడు. బీరువాలో పైసలు బయటికి వచ్చాయి. మొలవని జాగలో మళ్లీ వేశాం, వదిలిన ఎకరంలో కూడా వేశాం. ఆ ఏడు వానలు ఆగలేదు. అక్టోబరులో తడిసి పత్తి కాయ నల్లబడింది. మొత్తం పత్తి పెట్టి ఉంటే ఏమయ్యేదో నా ఎక్సెల్ లెక్కలో లేదు. చివరికి సోయా, కంది కలిసి గట్టెక్కించాయి. లాభం రాలేదు. అప్పు మాత్రం పెరగలేదు.

అప్పుడు నాకు అర్థమైంది, మొదటి ఎత్తులన్నీ గెలవడానికి కాదు. ఒక తప్పు జరిగినా మళ్లీ లేచి నిలబడే జాగ ఉంచుకోవడానికి. ఆటలో ఎన్ని పద్ధతులున్నా, మొదటి యాభై టర్న్‌ల సారం ఇదే అనిపిస్తుంది. నాకు రీస్టార్ట్ బటన్ ఉంది కాబట్టి అది నేర్చుకోవడానికి పదకొండు రాజ్యాలు పాడుచేశాను. బాపుకు ఏడాదికి ఒక్కటే మిరుగం.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. అది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

జులైలో ఒక సాయంత్రం, బయట ముసురు. నేను సెట్లర్‌ను తయారు చేశాను. బాపు తెర మీద అంకె చూశాడు.

"ఊర్ల ముగ్గురుండె గద. ఇద్దరైన్రేంది?"

"ఒకరిని కొత్త ఊరు కట్టడానికి పంపిన బాపూ. సెట్లర్‌ను పంపితే ఊరిలో ఒకరు తగ్గుతరు."

"పోయినోడు మల్ల రాడా?"

"రాడు. అక్కడే ఊరు కడతడు."

బాపు కొంచెం సేపు మాట్లాడలేదు. లోపల అక్క బియ్యం ఏరుతోంది. రాఖీకి వచ్చి ఉండిపోవాలని ముందే వచ్చింది. ఆమె చేతులు ఆగినట్టు అనిపించింది.

మాకు అసలు ఏడెకరాలు ఉండేది. నా ఇంజినీరింగ్ కోసం ఒక ఎకరం అమ్మారు. అదే ఏడు అక్క డిగ్రీలో చేరాలి. ఇద్దరికీ ఫీజులు కట్టలేమని ఇంట్లో అనుకున్నారు. ఆమె చదువు ఇంటర్ దగ్గరే ఆగింది. అక్కకు నాకంటే ఎక్కువ మార్కులు. ఇది మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనరు. సెట్లర్‌ను పంపితే మొదటి ఊరు కొన్నాళ్లు ఎదగదని ఆటలో ఎన్నిసార్లు చదివానో. మా ఇంట్లో ఎదగకుండా ఆగింది ఎవరో చూడలేదు.

"పంపాలె," అన్నాడు బాపు చివరికి. "పంపకపోతే ఒక్క ఊరే ఉంటది. గని ఊరు కడుపు నిండినంక పంపాలె."

ఇది కూడా నిజంగా ఆటలో మంచి ఎత్తే. తిండి నిల్వ నిండి, ఇంకో మనిషి పుట్టడానికి ఒకటి రెండు టర్న్‌లు ఉన్నాయనగా సెట్లర్‌ను బయటికి తీస్తే, ఊరు తొందరగా కోలుకుంటుంది. కానీ మా ఇంట్లో అప్పుడు ఆ నిల్వ లేదు. కడుపు నిండకముందే పంపారు.

డిసెంబరులో మళ్లీ హైదరాబాద్ వచ్చేశాను. ఉద్యోగం నిలబడింది. అక్క దూరవిద్యలో డిగ్రీ కట్టింది. ఫీజు నేను కడతానంటే మొదట ఒప్పుకోలేదు. "నువ్వు నాకు బాకీ లేవు" అంది. ఆ మాట నన్ను తేలిక చేయలేదు. తర్వాత ఒప్పుకుంది, పూర్తి చేసింది. ఇప్పుడు తన కూతురి చదువు సంగతి వస్తే ఇంట్లో ఎవరి మాటా విననంటుంది. వినకూడదు కూడా.

ఆట ఇంకా ఆడుతున్నాను. ఇందులో మొదట్లో దారులు వేసేది రాజు కాదు, వర్తకుడు. అతను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచిన చోటల్లా దారి పడుతుంది. నేను కొత్త ఊరు కట్టగానే అక్కణ్నుంచి మొదటి ఊరికే దారి వేస్తాను. లాభం చూస్తే వేరే రాజ్యానికి పంపడమే మేలని కొన్నిసార్లు తెలుస్తూనే ఉంటుంది. అయినా అదే వేస్తాను. జూన్ మొదటి వారంలో విత్తనాల పైసలు బాపుకు పంపేటప్పుడు కూడా లెక్క చూసుకోను.

పోయిన ఎండాకాలం ఫోన్ చేశాడు. చేను, పశువులు, అక్క, అందరి సంగతులూ అయ్యాయి. మా అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండిపోయిందని, వారం నుంచి ట్యాంకర్ తెప్పిస్తున్నామని చెప్పాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత బాపు నవ్వు వినిపించింది. ఏమంటాడో నాకు ముందే తెలుసు.