డబ్బా మీద రాయని గురి

వేట రైఫిల్‌కి ఏ తూటా మంచిది, అందులో మన స్తోమతకు అందేది ఏది అన్న ప్రశ్నతో పుదుచ్చేరి వచ్చాను. ఆ ప్రశ్న నన్ను లాస్‌పేటలో ఒక మేడ మీదికి తీసుకెళ్ళింది. పిల్లలకు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పే చిన్న శిక్షణ కేంద్రం అది. పొడవాటి హాలు, ఒక చివర బల్లలు, రెండో చివర అట్ట లక్ష్యాలు, వాటి వెనక ఇనుప పెట్టెలు. వేటకూ ఈ హాలుకూ సంబంధమేమిటని అడగవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి ఈ దేశంలో సరదా వేటకు తలుపులు మూసేశాయి. అది మంచి పని అనే నా అభిప్రాయం. లైసెన్సు తుపాకులు ఇళ్ళలో ఉన్నాయి గానీ, చాలామంది వాటిని నూనె పూసి బీరువాలో పెట్టడం, ఎన్నికలొచ్చినప్పుడు పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పడం తప్ప వాడేది లేదు. క్రమం తప్పకుండా కొని, కాల్చి, కొలిచి, మళ్ళీ కొనేవాళ్ళు క్రీడాకారులే. కాబట్టి చవకా, గురీ ఒకచోట కుదురుతాయా అన్నదానికి సాక్ష్యం దొరికేది వాళ్ళ దగ్గరే. ఆ సాక్ష్యం చెప్పేది ఒక్కటే: గురి తూటాలో లేదు, తుపాకీలోనూ లేదు, ఆ రెంటి జతలో ఉంది. ధర చూసి ఆ జతను పోల్చుకోలేం.

అక్కడి కోచ్ ఒక రైఫిల్‌ని బల్లకు బిగించిన పట్టకారులో కదలకుండా కట్టి, రకరకాల డబ్బాల్లోంచి పెల్లెట్లు, అంటే ఎయిర్ రైఫిల్ సీసపు గుళ్ళు, తీసి ఒకే బిందువు వైపు కాల్చి చూపించారు. మనిషి చెయ్యి, ఊపిరి, గుండె దడ ఏవీ లేకుండా గొట్టమూ గుండూ మాత్రమే మాట్లాడుకునే పరీక్ష ఇది. అన్నిటికన్నా ఖరీదైన జర్మన్ డబ్బా ఆ రైఫిల్‌లో చిల్లులను కాస్త ఎడంగా వేసింది. మధ్యస్థ ధర డబ్బా ఒకటి చిల్లు మీద చిల్లు వేసి అట్టను ఒకేచోట చింపేసింది. పక్క బల్ల మీది రైఫిల్‌కి మార్చేసరికి వరస తిరగబడింది. రెండు రైఫిళ్ళూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి. సాధన చేస్తున్న వాళ్ళలో యానాం నుంచి చదువు కోసం వచ్చిన అమ్మాయి ఒకరున్నారు. తమిళం హోరులో గోదావరి యాస వినబడితే ప్రాణం లేచొచ్చింది. తన రైఫిల్‌కి ఏది కుదిరిందని అడిగితే ఆమె డబ్బా తిరగేసి అడుగున అచ్చేసిన అంకెలు చూపించింది. "పేరు కాదండీ, ఈ నంబరండీ. ఇది అయిపోతే మళ్ళీ ఇదే దొరుకుద్దో లేదో తెలీదండీ" అంది. కొనుగోలు గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే తెలివైనది లేదు.

ఆ నంబరు ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే ఈ ఆటలో కొలతలు ఎంత చిన్నవో తెలియాలి. పది మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని కొట్టవలసిన పెల్లెట్ వ్యాసం నాలుగున్నర మిల్లీమీటర్లు, బరువు సుమారు అర గ్రాము. ఒక్కో వలయానికి దూరం రెండున్నర మిల్లీమీటర్లు, అంటే పాయింటులో పదో వంతు పావు మిల్లీమీటరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 701.1తో కాంస్యం గెలిస్తే, రజతం సాధించిన ఇటలీ ఆటగాడు కాంప్రియానీ స్కోరు 701.5. అంత దగ్గరి పోటీలో పెల్లెట్ తల వ్యాసం 4.49నా, 4.50నా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే మంచి కంపెనీలు తల కొలతను డబ్బా మీద అచ్చువేస్తాయి. సీసం మెత్తటి లోహం. గుండును అదిమి తీసే అచ్చు అరిగినా, సీసపు తీగ మిశ్రమం కాస్త మారినా గుండు మారుతుంది. ఒకే రకం బియ్యమైనా బస్తా మారితే అన్నానికి ఎసరు మార్చుకోవలసి వచ్చినట్టే, ఒకే పేరు మీద వచ్చే రెండు లాట్లు (ఒక్కో విడత తయారీ; డబ్బా అడుగు నంబరు చెప్పేది దీన్నే) ఒకే గొట్టంలో ఒకలా నడవవు. యాభై మీటర్ల పోటీల్లో వాడే పాయింట్ 22 తూటాల్లో ఈ తేడా ఇంకా స్పష్టం. వాటిలో మందును అంటించే పదార్థం ఇత్తడి అంచు లోపల వలయంలా పరుచుకుని ఉంటుంది. అది అన్ని తూటాల్లో ఒకే మందాన పడడం కష్టం, అది మారితే వేగం మారుతుంది. బ్రిటన్‌లోని ఎలీ, జర్మనీలోని లాపువా తూటా కంపెనీల పరీక్షా కేంద్రాలకు క్రీడాకారులు తమ రైఫిల్‌ని పట్టుకెళ్ళి, అనేక లాట్లు కాల్చి చూసి, కుదిరినదాన్నే పెట్టెలకొద్దీ కొంటారు. పేరు మీద నమ్మకంతో సరిపోయేదైతే ఆ కంపెనీలే పరీక్షకు ఏర్పాటు చేసేవి కావు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం గట్టిదే. ఐదు గుళ్ళు కాల్చి ఈ డబ్బా మంచిది, ఆ డబ్బా చెడ్డదని తేల్చడం గుడ్డి లెక్క కాదా? అవును, కొంతవరకు గుడ్డి లెక్కే. ఒకే డబ్బాలోంచి రెండుసార్లు ఐదేసి గుళ్ళు కాల్చితే ఒక గుంపు రెండోదానికి ఒకటిన్నర రెట్లు వెడల్పుగా రావడం మామూలు. మూడు గుళ్ళ గుంపును ఫోటో తీసి మురిసిపోవడం, దాన్ని చూసి వెయ్యి తూటాలు కొనడం డబ్బు పారేసుకునే పని. అట్ట మీద అన్నిటికన్నా దూరంగా పడిన రెండు చిల్లుల మధ్య దూరం కొలిచే అలవాటు కూడా మంచిది కాదు. అది మిగతా చిల్లులు చెప్పే సంగతిని వినదు. పదేసి గుళ్ళ గుంపులు నాలుగైదు కాల్చి, ప్రతి చిల్లూ గుంపు మధ్య నుంచి ఎంత దూరం పడిందో కొలిచి సగటు తీస్తే నమ్మదగిన మాట వస్తుంది. ఆ పరీక్షకు ఖర్చవుతుంది, నిజమే. అయితే రోజుకు వంద గుళ్ళు కాల్చే పిల్లకు ఐదు వందల గుళ్ళ డబ్బా ఐదు రోజులే వస్తుంది. ఏడాది ఖర్చు ముందు పరీక్షకు పోయే ఒక డబ్బా ఖర్చు ఏపాటిది?

రెండో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. నేర్చుకునే పిల్లల చెయ్యే అంత వణుకుతుంటే పెల్లెట్ గొడవ ఎందుకని. ఇదీ నిజమే, అంకెలే చెబుతాయి. మనిషి తప్పూ గుండు తప్పూ నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. మనిషి చెదురు పది మిల్లీమీటర్లు, గుండు చెదురు రెండు అయితే మొత్తం పన్నెండు కాదు, పది పాయింట్ రెండు. అంటే ఆ పిల్లకు ఎంత ఖరీదైన డబ్బా కొనిచ్చినా కలిసొచ్చేది మిల్లీమీటరులో ఐదో వంతు. అదే చెయ్యి కుదురుకుని మనిషి చెదురు కూడా రెండుకు దిగితే మొత్తం రెండు పాయింట్ ఎనిమిది. అప్పుడు గుండు చెదురు సగానికి తగ్గిస్తే తేడా కంటికి కనిపిస్తుంది. మొదటి ఏడాది పిల్లలకు తల్లిదండ్రులు అప్పుచేసి విదేశీ డబ్బాలు కొనడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ డబ్బుతో చవక పెల్లెట్లు రెట్టింపు కొని రెట్టింపు సాధన చేయిస్తే పిల్లలు త్వరగా ఎదుగుతారు. ఖరీదు అవసరమయ్యే రోజు వస్తుంది. వచ్చిందని చెప్పాల్సింది అట్ట మీద చిల్లులు, దుకాణదారు కాదు.

ఈ లెక్కను అసలు వేట రైఫిల్‌కు అన్వయిస్తే మన దేశంలో మరో చిత్రం కనిపిస్తుంది. ఇక్కడ తూటా ఎంపికను చట్టమే శాసించింది, ఈనాడే కాదు, బ్రిటిష్ కాలం నుంచీ. సైన్యం వాడే తూటాలు జనం చేతికి చిక్కకూడదని పాయింట్ 303ని పౌరులకు నిషేధించారు. 1907లో పాయింట్ 450 రకాలనూ ఆపేస్తే, లండన్ తుపాకీ కంపెనీలు వాటి బదులు పాయింట్ 470 లాంటి కొత్త తూటాలు పుట్టించాయి. అలాగే ఆస్ట్రియా సైన్యపు ఎనిమిది మిల్లీమీటర్ల మాన్‌లిహెర్ తూటా పాయింట్ 315 పేరుతో మన దేశానికి వచ్చి పాతుకుపోయింది. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆ తూటాకు సరిపోయే రైఫిల్‌ని తయారుచేసింది. 1869 నాటి కిర్కీ కర్మాగారంలాంటి ప్రభుత్వ తూటా ఫ్యాక్టరీలు 2021 అక్టోబరు నుంచి మ్యూనిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ కిందికి చేరాయి. అమెరికా రైతు ఒక దుకాణంలో పాతిక రకాల తూటాలు చూసి ఎంచుకుంటే, మన పాయింట్ 315 యజమాని ముందు తరచూ ఒకటే పెట్టె ఉంటుంది. అదీ లైసెన్సులో రాసిన సంఖ్యకు మించి కొనకూడదు. నాలుగైదు గుంపులు కాల్చి చూడమని అతనికి చెప్పడం న్యాయం కాదు, ఏడాది కోటా అంతా అందులోనే పోతుంది.

అయితే ఎంపిక లేదన్నంత మాత్రాన గురి లేదని కాదు. అసలు వేట తుపాకీ నుంచి ఎంత గురి కావాలో ముందు తేల్చుకోవాలి. పంటల్ని నాశనం చేసే అడవిపందిని వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ కింద అనుమతితో కాల్చవచ్చు. కేరళ 2022లో ఆ అనుమతి ఇచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. తెలంగాణలోనూ అడవిపందుల మీద ఇలాంటి అనుమతులు ఇచ్చారు. పంది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు వెడల్పు. వంద మీటర్లలో నాలుగైదు సెంటీమీటర్ల గుంపు వేసే రైఫిల్ దానికి చాలినంత కన్నా ఎక్కువే. అక్కడ అర సెంటీమీటరు తగ్గించడానికి డబ్బు పోయడం దండగ. అక్కడ చూడాల్సినవి రెండు. ఒకటి, గుండు తగిలాక ఏం చేస్తుంది. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో 1896 ప్రాంతంలో కొన మీద సీసం బయటపడేలా చేసిన గుండు శరీరంలో పువ్వులా విచ్చుకునేది. యుద్ధంలో అలాంటివి వాడకూడదని 1899లో హేగ్ సమావేశం తీర్మానించింది. వేటలో మాత్రం అదే దయగల గుండు. పూర్తిగా రాగి తొడుగు ఉన్న చవక సైనిక రకం గుండు జంతువులోంచి సూటిగా దూసుకుపోయి, దాన్ని గాయంతో తుప్పల్లోకి పంపుతుంది. అలా తప్పించుకున్న పంది రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది, ఎదురొచ్చిన రైతును చీల్చుతుంది. ఇక్కడ చవకను వెతకడం నేరం. రెండోది, సైట్లు సరిచేసుకున్న తూటాతోనే పనికి వెళ్ళాలి. ఒక రకంతో సరిచేసి మరో రకంతో కాల్చితే దెబ్బ కొన్ని సెంటీమీటర్లు పక్కకు పోతుంది. కాబట్టి కోటాలోంచి పది తూటాలు సైట్లకు, మిగతావి పనికి, అన్నీ ఒకే లాట్‌వి ఉంచుకోవాలి. చెయ్యి నిలకడకు చేసే సాధన అంతా ఎయిర్ రైఫిల్‌తో. పాయింట్ 177 సైజు, ఇరవై జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అంటే వేట రైఫిల్ యజమానికి చవకైన, గురిగల తూటా ఈ లాస్‌పేట హాలులోని పెల్లెట్టే.

మేడ కిటికీలోంచి తూర్పు గాలి వస్తోంది, అందులో ఉప్పు ఉంది. ఈ ఊళ్ళో డబ్బా మూత తీసి వదిలేస్తే సీసం మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, తూటాల ఇత్తడి పచ్చగా మారుతుంది. బ్రిటిష్ కంపెనీలు మన ఎండలకు కార్డైట్ మందు మరీ వేడెక్కి ఒత్తిడి పెంచుతుందని, ఉష్ణ దేశాలకని మందు తగ్గించిన తూటాలు వేరే తయారుచేసేవి. కొన్న ధర ఎంతైనా చెమ్మలో పెడితే ఆ గురి మిగలదు. ఇక్కడి పిల్లలు డబ్బాలను తడి పీల్చే పొట్లాలతో గాలి చొరని పెట్టెల్లో దాచడం చూశాను. వేట తుపాకుల యజమానులు నేర్చుకోవలసిన పని ఇది.

చవక అన్న లెక్కలో ఎవరూ వేయని ఖర్చు ఇంకొకటి ఉంది, సీసం. ఊరికి పడమట ఉన్న ఊసుటేరిని పుదుచ్చేరి ప్రభుత్వం 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. నీటి పక్షులు అరుగుదల కోసం చిన్న రాళ్ళు మింగుతాయి. వాటితో పాటు అడుగున పడిన సీసపు రవ్వలు మింగితే విషమెక్కి చస్తాయి. యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో సీసపు రవ్వలను 2023లో ఆపింది, కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసాన్నే వద్దంది. సీసం లేని గుండు ఖరీదు ఎక్కువ, పైగా కొన్ని గొట్టాల్లో సరిగా నడవదు. అయినా చెరువుల దగ్గర సీసం చవక అనడం ఆ ఖర్చును పక్షుల మీదికి నెట్టడమే. హాలులో ఇనుప పెట్టెల్లో పోగైన సీసాన్ని కోచ్ తూకం వేసి పాత సామాన్ల వాడికి అప్పగిస్తారు, పిల్లలు చేతులు సబ్బుతో కడుక్కోనిదే తినుబండారం ముట్టరు. ఈ రెండూ ప్రతి చోటా జరగాలి.

క్లబ్బులు నడిపేవాళ్ళకీ, క్రీడా శాఖల వాళ్ళకీ ఒక విన్నపం. పిల్లలకు పెల్లెట్లు కొనేటప్పుడు టెండర్లో కంపెనీ పేరూ, తక్కువ ధరా మాత్రమే రాయకండి. ముందు ఒక్కో లాట్‌లోంచి ఒక డబ్బా తెప్పించి మీ రైఫిళ్ళలో కాల్చి చూడండి, కుదిరిన లాట్‌ను ఏడాదికి సరిపడా ఒకేసారి కొనండి, నలుగురు కలిసి కొంటే ధర దిగుతుంది. యానాం అమ్మాయి డబ్బా అడుగున చూపించిన నంబరును మీ రిజిస్టర్లో రాసుకోవడానికి ఒక్క గడి చాలు.