పై వచనం

డిసెంబర్ 14, ఆదివారం
కొత్తపేట. సండే స్కూల్ క్రిస్మస్ నాటకం రిహార్సల్. జ్ఞానుల వేషానికి అట్ట కిరీటాలు మూడే చేశారు, పిల్లలేమో నలుగురు తేలారు. నాలుగోవాడు ఏడుపు లంకించుకున్నాడు. మత్తయి రెండో అధ్యాయం తీసి చూశాం. తూర్పు నుంచి జ్ఞానులొచ్చారని ఉంది గానీ ఎంతమందో లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు కాబట్టి మనుషుల్నీ ముగ్గురు చేసేశాం. పైగా వాళ్లొచ్చింది ఇంట్లోకి, పాకలోకి కాదు. నాలుగో కిరీటానికి అట్ట దొరికింది. పాకని మాత్రం కదపలేదు, అప్పటికే గడ్డి కప్పేశారు.

డిసెంబర్ 17, బుధవారం
దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల దగ్గర యాపిల్ బండి. నా పక్కన హాస్టల్ అమ్మాయి. గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చింది, మా సంఘానికి కొత్త. "హవ్వ తిన్నది ఇదేగా అక్కా!" అంది. ఆదికాండంలో ఉన్నది ఉత్త పండే, దానికి పేరు లేదు. లాటిన్‌లో చెడుకీ యాపిల్‌కీ దాదాపు ఒకటే మాట, అందుకే అక్కడి వాళ్లకి యాపిల్ తట్టిందని చెబుతారు. బొమ్మ వేసింది మనవాళ్లయితే అది కచ్చితంగా బంగినపల్లి అయ్యేది.

డిసెంబర్ 21, ఆదివారం
ప్రసంగం దశమభాగం మీద, మలాకీ మూడో అధ్యాయం. ఇంటికొచ్చాక అమ్మ ద్వితీయోపదేశకాండం 14 చివర వేలు పెట్టి చూపించింది. మూడేళ్లకోసారి ఆ పదో వంతు ఊళ్లోనే ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు కడుపునిండా తినేలా చూడాలట. "ఇదీ చదివుంటే బాగుండేది" అంది. వచ్చే వారం కవరులో డబ్బు పెట్టడం మాత్రం మానదు.

డిసెంబర్ 23, మంగళవారం
అమ్మకి ఇలా బైబిలు తెరిచి సరిచూసే అలవాటు హెబ్రోనులో అబ్బింది. గోల్కొండ చౌరస్తా దగ్గర 1950లో భక్త్ సింగ్ గారు మొదలుపెట్టిన ప్రార్థనా స్థలం అది. చిన్నప్పుడు తాతయ్యతో వెళ్లేది. ఎవరి బైబిలు వాళ్ల ఒళ్లో, చెప్పిన ప్రతి రిఫరెన్సూ తిప్పాల్సిందే.
అపొస్తలుల కార్యములు 17లో బెరయవాళ్లు చేసిందీ ఇదే. సాక్షాత్తూ పౌలు చెప్పిన మాటల్నే రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు. లూకా వాళ్లని మెచ్చుకున్నాడు. ఇప్పుడు మనలో ఎవరైనా అలా చేస్తే "ఆత్మీయంగా చల్లారిపోయింది" అంటారు.

డిసెంబర్ 31, అర్ధరాత్రి దాటాక
వాచ్ నైట్. స్టీలు పళ్లెంలో వాగ్దానాల కార్డులు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. హాస్టల్ అమ్మాయికి యిర్మీయా 29:11 వచ్చింది, దేవుడి ఆలోచనలు మేలుకేనన్న వాగ్దానం. "ఈ ఏడు ఉద్యోగం ఖాయం అక్కా" అంటూ ఫోన్ కవరు వెనక దోపుకుంది. ఆ మొహం చూశాక నోరు విప్పబుద్ధి కాలేదు.

జనవరి 2, శుక్రవారం
విప్పాల్సొచ్చింది. ఆ కార్డు మీది వచనం, యెరూషలేము నుంచి యిర్మీయా బబులోను చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరంలోది. పై వచనం, అంటే పదోది, ఆ మేలు ఎప్పుడో చెబుతుంది: డెబ్బై ఏళ్లయ్యాక. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని అందరి ముందూ చెప్పాడు. వినేవాళ్లకి కావలసిందీ అదే. తప్పిందీ అదే.
అమ్మాయి మొహం వాడిపోయింది. "అంటే ఇది నాది కాదా?"

జనవరి 4, ఆదివారం
ఆరాధన అయ్యాక అమ్మాయి ఇంటికొచ్చింది. నేను వివరించబోతే అమ్మ ఆపింది.
"డెబ్బై ఏళ్లని నాకు తెలీదా? నాకే డెబ్బై రెండు. నలభై ఏళ్లుగా ఆ వాక్యం పట్టుకునే ఉన్నా."
తర్వాత అదే అధ్యాయంలో అయిదు నుంచి ఏడో వచనం దాకా అమ్మాయితోనే చదివించింది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని తీసుకెళ్లిన ఆ పట్టణం కోసమే ప్రార్థన చేయండి. ఎల్బీనగర్‌లో బస్సు దిగి, సంచి హాస్టల్ గదిలో పడేసి, ఈ ఊరు నాది కాదనుకుంటూ రోజులు లెక్కబెట్టే పిల్లకి ఆ మూడు వచనాలూ కార్డు కంటే ఎక్కువే అందినట్టున్నాయి.
"అయితే కార్డు తీసెయ్యనా అమ్మమ్మా?"
"ఎందుకూ? ఉంచుకో. వెనక ఖాళీయేగా, పదో వచనం కూడా రాసుకో."
రాసుకుంది. అది కాస్త పొడుగు వచనం. సగంలోనే చోటు అయిపోయింది.