కొత్త మాటల పుట్టిల్లు

మా ఊరి పేరు నారాయణఖేడ్. కాగితాల మీదా, బస్సు పలకల మీదా అలాగే ఉంటుంది. నోటిమాటలో మాత్రం అది 'ఖేడ్'. "ఎటు పోతున్నవు?" అని అడిగితే "ఖేడ్‌కు" అనేవారే గాని పూర్తి పేరు పలికేవారు మా వైపు అరుదు. ఆ పేరులో మొదటి సగం సంస్కృతం. రెండవ సగం మరాఠీవారు పల్లెను పిలిచే 'ఖేడే' అన్న మాట. 1956 నవంబరు 1కి ముందు మా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. ఆ తరువాత మెదక్ జిల్లాలో చేరింది. 2016 అక్టోబరు 11 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. జిల్లాలు మారినా మాటల ఇరుగుపొరుగు మారలేదు. అంగడిరోజున తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాల నుండి వచ్చినవారి లంబాడీ ఒకే త్రాసు చుట్టూ వినిపిస్తాయి. ఒక భాషలో మొదలైన బేరం మరొక భాషలో తెగుతుంది. ఎవరి మాట ఎవరి దగ్గర అప్పు తెచ్చుకున్నదో లెక్క కట్టేవారు ఉండరు.

ఇటువంటి చోట పుట్టి, ఇంగ్లీషు బోధనను వృత్తిగా చేసుకున్నవాణ్ణి నేను. ఏది అసలైన మాట, ఏది కాదు అన్న ప్రశ్న ప్రతి సంవత్సరమూ ఏదో ఒక రూపంలో నా ముందుకు వస్తుంది. విద్యార్థులు చేతిఫోనులో చూసిన మాటను తరగతికి తెస్తారు. అది నిఘంటువులో ఉన్నదా అని అడుగుతారు. ఉన్నదంటే వారి ముఖం వెలుగుతుంది. లేదంటే చిన్నబోతుంది. మాటకు గౌరవం నిఘంటువు ఇస్తుందన్న నమ్మకం వారిలో బలంగా ఉన్నది. నిజానికి నిఘంటువు మాటను పుట్టించదు. పుట్టి, పదిమంది నోళ్ళలో నలిగి, నిలదొక్కుకున్న మాటను నమోదు చేస్తుంది. అది జనన ధ్రువపత్రం వంటిది. పత్రం రాకముందే బిడ్డ పుట్టి ఉంటుంది.

ఈ సంగతి తెలియకపోవడం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. కొన్నేళ్ళ క్రితం మా విద్యార్థిని ఒకతె ఇంటర్మీడియట్ ముగించి, పట్నంలో ఒక కళాశాలలో చేరింది. మొదటి వారంలో ఆమెను తన గురించి ఇంగ్లీషులో చెప్పమన్నారట. తాను తండ్రిగారి 'కో-బ్రదర్' ఇంట్లో ఉంటున్నాననీ, ప్రవేశాల తేదీ 'ప్రీపోన్' కావడంతో తొందరగా రావలసివచ్చిందనీ చెప్పింది. ఆ రెండు మాటలకూ తరగతి గొల్లుమన్నది. ఇంగ్లీషులో అటువంటి మాటలే లేవని ఎవరో తేల్చేశారు. ఆ తరువాత చాలాకాలం ఆమె తరగతిలో నోరు విప్పలేదు. చదువులో ముందుండే పిల్ల, తెలిసిన జవాబును కూడా మింగుకొని కూర్చున్నది. దసరా సెలవులకు ఊరికి వచ్చినప్పుడు నన్ను ఒకే ప్రశ్న అడిగింది: "సార్, మా నాయిన సడ్డకున్ని ఇంగ్లీషుల ఏమనాలె?"

ఆ ప్రశ్నలో కోపం లేదు, తెలుసుకోవాలన్న పట్టుదల ఉన్నది. నేను ఆమెకు చెప్పిన జవాబునే ఇక్కడ కొంత విస్తరించి చెబుతున్నాను.

సడ్డకుడు అన్నా, తోడల్లుడు అన్నా అర్థం ఒకటే. ఆ బంధుత్వానికి ఇంగ్లీషులో సూటి అయిన పేరు లేదు. బావ, మరిది, బావమరిది, తోడల్లుడు అందరినీ ఆ భాష 'బ్రదర్ ఇన్ లా' అన్న ఒకే చాపమీద కూర్చోబెడుతుంది. వరసలు తప్పితే ఊరుకోని సమాజం మనది. అందువల్ల ఇంగ్లీషు మాట్లాడే దక్షిణాదివారు తమ అవసరం కొద్దీ 'కో-బ్రదర్' అన్న మాటను కల్పించుకున్నారు. 'ప్రీపోన్' సంగతీ అంతే. వాయిదా వేయడానికి 'పోస్ట్‌పోన్' ఉన్నది. ముందుకు జరపడానికి అంత పొట్టి మాట లేదు. 'పోస్ట్' స్థానంలో 'ప్రీ' చేర్చి భారతీయులు ఆ లోటు పూడ్చుకున్నారు. ఆ మాట ఈనాడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో భారతీయ ఇంగ్లీషు ప్రయోగంగా చోటు సంపాదించుకున్నది. కొత్త మాటకు ఇంతకంటే న్యాయమైన పుట్టుక ఏముంటుంది?

అసలు ఇంగ్లీషు భాష పెరిగిన తీరే ఇది. సాటివారి మధ్య చనువుగా, కొంత చిలిపిగా నడిచే మాటను ఇంగ్లీషులో 'స్లాంగ్' అంటారు. పెద్దలు దానిని చూసి కలత చెందడం నిన్నమొన్నటి విషయం కాదు. 1710లో జొనాథన్ స్విఫ్ట్ అనే ప్రసిద్ధ రచయిత 'ట్యాట్లర్' పత్రికలో తనకాలపు కొత్త మాటలను తీవ్రంగా ఎద్దేవా చేశాడు. ఆయనకు నచ్చని వాటిలో 'మాబ్', 'బాంటర్' అనేవి ఉన్నాయి. చపల జనసమూహమని అర్థమిచ్చే లాటిన్ పదబంధాన్ని తెగగొట్టి 'మాబ్' చేశారు. ఈనాడు ఆ రెండూ గౌరవనీయమైన మాటలు. అదే జాబితాలో ఆయన ఖండించిన 'పాజ్' అనే కుదింపు మాత్రం కాలగర్భంలో కలిసిపోయింది. ఏది బతకాలో స్విఫ్ట్ నిర్ణయించలేదు, జనం నిర్ణయించారు. 1755లో మహానిఘంటువును ప్రచురించిన శామ్యూల్ జాన్సన్ కూడా భాషను మార్పు లేకుండా నిలిపి ఉంచగలనని మొదట ఆశపడ్డాడు. పని ముగిసేసరికి అది మానవ సాధ్యం కాదని తన పీఠికలో ఒప్పుకున్నాడు.

లోకమంతటా తిరిగే 'ఓకే' చరిత్ర ఇంకా వినోదకరమైనది. 1839 మార్చి 23న అమెరికాలోని బోస్టన్ నగరపు పత్రిక ఒకటి దానిని అచ్చువేసింది. 'అంతా సరి' అనే అర్థం గల మాటలను కావాలని తప్పు అక్షరాలతో రాసి, వాటి పొడి అక్షరాలు తీసుకోవడం ఆనాటి పత్రికల వేడుక. ఆ వేడుక మాటలలో దాదాపు అన్నీ పోయాయి, ఇది ఒక్కటి మిగిలింది. మా అంగట్లో ఉల్లిగడ్డలు తూచే అవ్వ కూడా "ఓకే" అంటుంది. ఈ తరం చేతిఫోనుల్లో పుట్టిందని మనం అనుకునే 'ఓఎంజీ' 1917లోనే బ్రిటిష్ నౌకాదళాధికారి లార్డ్ ఫిషర్ చర్చిల్‌కు రాసిన లేఖలో కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు దానిని 2011లో చేర్చుకున్నది. 2002లో ఆస్ట్రేలియాలో నమోదైన 'సెల్ఫీ' 2013లో ఆ నిఘంటువు వారి 'ఈ సంవత్సరపు మాట'గా ఎంపికైంది. 2023లో ఆ గౌరవం 'రిజ్'కు దక్కింది. 'కరిజ్మా' అన్న మాట నడిమి ముక్కను తీసి దానిని చేశారని భావిస్తున్నారు. 2024లో ఎంపికైన 'బ్రెయిన్ రాట్' అనే మాటను థోరో 1854లోనే తన 'వాల్డెన్' గ్రంథంలో వాడాడు. కొత్తవని తోచే మాటలలో పాతవీ ఉంటాయి.

ఈ రాకపోకలలో మన తెలుగు కూడా ఇచ్చే చేయిగా నిలిచింది. ధాన్యపు కొట్లను తవ్వే పందికొక్కు ఇంగ్లీషులోకి వెళ్ళి 'బాండికూట్' అయింది. ఆ పేరు సముద్రం దాటి ఆస్ట్రేలియాలోని వేరొక జంతుజాతికి కూడా అంటుకున్నది. భారతదేశంలో ఇంగ్లీషువారి నోళ్ళలో చేరిన ఇటువంటి మాటలకోసం యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు 1886లో 'హాబ్సన్-జాబ్సన్' అనే పెద్ద నిఘంటువునే ప్రచురించారు. 2017లో మన 'అన్న' ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చేరింది. పుచ్చుకునే చేయిగానూ మనం వెనుకబడలేదు. అలమర, బొత్తాము, తువ్వాలు పోర్చుగీసువారి నుండి వచ్చాయి. కుర్చీ, తారీఖు, వకీలు అరబ్బీ పారశీకాల నుండి ఉర్దూ దారిన వచ్చాయి. మా ప్రాంతపు 'మస్తు', 'జర' కూడా ఆ దారిన వచ్చినవే.

తెలుగు పండితులు ఈ విషయాన్ని గుర్తించకపోలేదు. 1858లో వెలువడిన 'బాలవ్యాకరణం'లో చిన్నయసూరి తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు విధాలుగా చెప్పాడు. వ్యాకరణ లక్షణానికి లోబడనిది గ్రామ్యమన్నాడు. దూరంగా ఉంచడానికైనా దానికొక పేరు పెట్టవలసివచ్చింది. అంతకు నాలుగేళ్ళు ముందే సి.పి. బ్రౌన్ తెలుగులో వాడుకలో ఉన్న అన్యదేశ్యాలకూ మిశ్రపదాలకూ ప్రత్యేకంగా ఒక నిఘంటువు ప్రచురించాడు. కచేరీలో రైతు మొర అర్థం కావాలంటే ఆ మాటలు తెలియాలి కదా! తరువాత గిడుగు రామమూర్తి శిష్టుల వాడుక భాషకు చదువులో చోటు దక్కాలని జీవితాంతం పోరాడారు. ఈ పాఠం ఈనాడు ఈ భాషలో మీ చేతికి వచ్చిందంటే అది ఆ పోరాట ఫలమే.

మా మెట్టభూముల రైతులను చూడండి. నీళ్ళు పాతాళానికి దిగినకొద్దీ వారికి కొత్త యంత్రం అవసరమైంది, దానితో కొత్త మాటా అవసరమైంది. ఇంగ్లీషు 'బోరు'నూ తెలుగు 'బావి'నీ కలిపి 'బోరుబావి' అన్నారు. ఏ సంఘమూ కూర్చొని తీర్మానించలేదు. అదే 'బోరు' మరొక దారిన వచ్చి పిల్లల నోట విసుగుకు పేరయింది. "బోరు కొడుతున్నది" అని మనుమడంటే, నీళ్ళు పడ్డాయేమోనని తాత ఆశగా అడిగే అవకాశం మా పల్లెల్లో లేకపోలేదు! 'లైట్ తీస్కో' అన్న పలుకుబడినీ గమనించండి. మాట ఇంగ్లీషుది, క్రియ తెలుగుది, భావం మన యువకులది. లండనులో పుట్టినవానికి అది బోధపడదు. అది వారి స్లాంగు కాదు, మన సృష్టి.

ఐతే కొత్తదంతా మంచిదనీ, వాడుకలో ఉన్నదంతా అన్నిచోట్లా చెల్లుతుందనీ నా అభిప్రాయం కాదు. పెళ్ళికి కట్టుకునే బట్ట వేరు, నాట్లకు కట్టుకునే బట్ట వేరు. రెండూ బట్టలే. నాట్లకు కట్టిన బట్టతో పందిట్లోకి వెళ్ళరాదంటే ఆ బట్ట నీచమైనదని కాదు. పరీక్ష పత్రంలో, దరఖాస్తులో, న్యాయస్థానంలో అందరికీ ఒకే అర్థమిచ్చే మాట కావాలి. స్లాంగు స్వభావం అది కాదు. తన గుంపులోనివారిని దగ్గరకు తీస్తుంది, పరాయివారిని గడప బయట నిలబెడుతుంది. దాని ఆయుష్షు కూడా తక్కువ. అన్నలు వాడిన మాటను తమ్ముళ్ళు వెక్కిరిస్తారు. 'కో-బ్రదర్' అన్న మాటను విదేశీయునితో అంటే ఒక వాక్యంలో వివరించవలసి ఉంటుంది. వివరించడం సిగ్గుపడవలసిన పని కాదు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ఎదుటివాని రంగును, కులాన్ని, అవిటితనాన్ని, పల్లెటూరి పుట్టుకను ఎగతాళి చేయడానికి పుట్టే మాటలు కొన్ని ఉంటాయి. అవి ఎంత చమత్కారంగా ఉన్నా మాటలు కావు, ముళ్ళు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరకే అనలేదు.

ఇంకొక నష్టం చప్పుడు లేకుండా జరుగుతున్నది. అన్నం బాగుంటే 'సూపర్', పాట బాగుంటే 'సూపర్', వాన బాగా కురిస్తే 'సూపర్'. ఆ మాట ఇంగ్లీషుది కావడం నాకు అభ్యంతరం కాదు. కూర కమ్మగా ఉన్నదనీ, గొంతు తీయగా ఉన్నదనీ, పసిపాప చూడముచ్చటగా ఉన్నదనీ వేరువేరుగా చెప్పగల నాలుక ఒక్క మాటతో సరిపెట్టుకోవడం నాకు బాధ. 'కో-బ్రదర్' ఇంగ్లీషుకు లేని తేడాను చూపింది, మన 'సూపర్' ఉన్న తేడాలను చెరిపింది. మొదటిది అవసరం కన్న బిడ్డ, రెండవది బద్ధకం కన్న బిడ్డ. ఒక కొత్త మాటను ఆదరించాలా వద్దా అని తూచడానికి ఇంతకంటే మంచి త్రాసు నాకు తెలియదు.

విద్యార్థులారా, ఇతర భాషల మాటలు వచ్చినంత మాత్రాన ఏ భాషా చావదు. కొత్త మాట కల్పించుకునే ధైర్యం చచ్చినప్పుడు చస్తుంది. 'అంతర్జాలం' వంటి మాటను ఎవరో కల్పిస్తేనే మనకు దక్కింది. అటువంటివి మీరూ కల్పించండి. కొన్ని నిలుస్తాయి, కొన్ని రాలిపోతాయి, చింత లేదు. మీకు తెలియని మాట ఎవరి నోటనైనా వినిపించినప్పుడు మాత్రం నవ్వకండి. "ఇది ఎక్కడి మాట? దీని అర్థమేమిటి?" అని అడగండి. నవ్వితే ఒక నోరు మూతపడుతుంది. అడిగితే ఒక ఊరు, ఒక వరస, ఒక బతుకు మీకు తెలిసివస్తుంది.