సినబ్బ, టామ్ సాయర్, మా పిలకాయలు

అమెరికాలో ఏ ఊరి గ్రంథాలయానికి వెళ్లినా పిల్లల విభాగంలో ‘మిడిల్ గ్రేడ్’ అని వేరే అరలు ఉంటాయి. ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఉన్న పిల్లల కోసం రాసిన నవలలు అక్కడ పెడతారు. బొమ్మల పుస్తకాలు దాటేసి, పెద్దవాళ్ల నవలలకు ఇంకా ఎదగని వయసది. సొంతంగా చదువుకోగలరు, అయినా అమ్మో నాయనో పక్కన కూర్చుని చదివి వినిపిస్తే కాదనరు. ఆ నాలుగేళ్లు గడిచాయంటే గది తలుపులు మూసుకుంటాయి. అందుకే ఆ వయసు పిల్లలున్న మనవాళ్లకు కొన్ని పుస్తకాల పేర్లు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది పాకాల పక్కన పల్లె. ఇప్పుడు ఉండేది మిస్సోరి రాష్ట్రంలో, సెయింట్ లూయిస్‌లో. మిసిసిపి నది వెంబడి కారులో రెండు గంటలు ఉత్తరంగా పోతే హానిబల్ అనే చిన్న ఊరు వస్తుంది. మార్క్ ట్వైన్ పెరిగింది అక్కడే. 1876లో వచ్చిన టామ్ సాయర్ నవలలో ఊరికి వేరే పేరు పెట్టాడు గానీ ఆ నది, ఆ గుహ, ఆ వీధులు హానిబల్‌వే. ఆయన చిన్ననాటి ఇంటిని మ్యూజియంగా ఉంచారు. పక్కనే తెల్లటి చెక్క దడి ఒకటి ఉంటుంది. పిన్నమ్మ పురమాయించిన సున్నం పనిని టామ్ తన ఈడు పిల్లలకు అంటగట్టి, పైగా వాళ్ల దగ్గరే గోలీలూ గాలిపటమూ వసూలు చేస్తాడే, ఆ దడి. దాని ముందు నిలబడి మా పాప, “నాయనా, మీ ఊర్లో ఇట్లా ఎవురన్నా చేసినారా?” అని అడిగింది. సంక్రాంతికి ఇల్లు వెల్ల వేసేటప్పుడు మా పెదనాయన కొడుకు నా చేతికి కుంచె ఇచ్చి, దాన్ని పట్టుకోనిచ్చినందుకు నా జేబులోని శనక్కాయలన్నీ తీసుకున్న సంగతి చెప్పాను. ఇంటికొచ్చేదాకా కారులో అదే కత మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

టామ్ సాయర్‌ను తెలుగు చేసింది నండూరి రామమోహనరావు. ‘హకల్‌బెరి ఫిన్’, ‘రాజూ–పేద’, స్టీవెన్‌సన్ నవలకు తెలుగైన ‘కాంచనద్వీపం’ కూడా ఆయన చేతి మీదుగా వచ్చినవే. తెలుగులో ఇంత హాయిగా సాగే అనువాదాలు తక్కువ. ఇంగ్లీషులో పిల్ల, తెలుగులో తండ్రి, ఒకే అధ్యాయం చదువుకుని రాత్రి భోజనం దగ్గర మాట్లాడుకోవచ్చు. మేం చేసింది అదే. బానిసత్వం నాటి మాటలు, ఆదివాసులను చిన్నచూపు చూసే తీరు ఆ పుస్తకంలో ఉన్నాయి. వాటిని దాటేయకుండా పిల్లలతో మాట్లాడాలి. అందుకే ఈ పుస్తకాన్ని పిల్లల చేతికిచ్చి పక్కకు తప్పుకోకూడదు.

టామ్ సాయర్ పేరు తిరుపతిలో కూడా వినిపిస్తుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పుస్తకాలు కొన్ని ‘టామ్ సాయర్ బుక్స్’ పేరుతోనే అచ్చయ్యాయి. ఆ పేరు ఎందుకు తగినదో ఆయన ‘సినబ్బ కతలు’ చదివితే తెలుస్తుంది. తిరుపతి దగ్గరి మిట్టూరులో సేద్యం చేసుకునే ఇల్లు, అమ్మ, నాయన, శనక్కాయ చేను, గొడ్లు, కరువు, వీటన్నిటి నడుమ నడిచే పల్లె కతలవి. ‘పచ్చ నాకు సాక్షిగా’, ‘మునికన్నడి సేద్యం’ కూడా కలిపి ‘మిట్టూరోడి పుస్తకం’గా ఒకచోట దొరుకుతాయి. ఆయన పిల్లల గురించీ పిల్లల కోసమూ రాసినవీ ఉన్నాయి: ‘ఇస్కూలు పిలకాయల కత’, లెక్కలంటే భయపడే పిల్లల కోసం ‘పిల్లల భాషలో ఆల్జీబ్రా’.

మా ఇంట్లో సినబ్బ కతలు చదివిన మొదటి రాత్రి పాప పడుకున్నది కాస్తా లేచి కూర్చుంది. “ఇది అవ్వ మాట్లాడినట్టే ఉండాదే!” అంది. ఆదివారం తెలుగు బడి ‘మనబడి’లో అది నేర్చుకునే తెలుగు వేరు, ఫోనులో వాళ్లవ్వ మాట్లాడే తెలుగు వేరు. అవ్వ మాటను అచ్చులో చూడటం దానికి అదే మొదలు. అర్థం కాని చోటల్లా నన్ను ఆపి అడిగింది. నాకూ తెలియని చోట ఊరికి వీడియో కాల్ చేశాం. చేనుకు నీళ్లు పారించేటప్పుడు మడవ తిప్పడం అంటే ఏమిటో వాళ్లవ్వ ఫోనులోనే చేత్తో అభినయించి చూపించింది. నామిని రాతలో తిట్లు ఉంటాయి, కులం ఉంటుంది, ఆకలి ఉంటుంది. పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక, అదీ పెద్దవాళ్లు చదివి వినిపిస్తేనే బాగుంటుందని నా అభిప్రాయం. గోపిని కరుణాకర్ ‘మా తిరపతి కొండ కథలు’ కూడా ఈ నేల నుంచి వచ్చిన పుస్తకమే.

మా పాకాల గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. రైలు జంక్షన్‌గానే ఎక్కువమందికి తెలిసిన ఆ చిన్న ఊళ్లో కలువకొలను సదానంద అనే బడిపంతులు ఉండేవారు. 1960లలోనే పిల్లల కోసం ‘బంగారు నడిచిన బాట’ నవల రాశారు. కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారాలు 2010లో మొదలైతే, తెలుగులో మొట్టమొదటిది ఆయన నవల ‘అడవి తల్లి’కే వచ్చింది. 2020లో కన్నుమూశారు. పక్కనున్న దామలచెరువులో మరో పంతులు మధురాంతకం రాజారాం ఉండేవారు. ఆయన కథలకు 1993లో అకాడెమీ అవార్డు వచ్చింది. అవి పెద్దవాళ్లం మనం చదువుకోవాల్సినవి. ఒకే మండలంలో ఇద్దరు పంతుళ్లు బడి గంట కొట్టాక ఇంటికొచ్చి ఇలాంటి పుస్తకాలు రాశారంటే మా ప్రాంతం పిల్లలు ఎంత అదృష్టవంతులో!

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసి లోయ’, ‘పాతాళ దుర్గం’ లాంటి సీరియళ్లను మరవకూడదు. మిడిల్ గ్రేడ్ అనే పేరు మనం వినకముందే ఆ వయసుకు సరిగ్గా సరిపోయే నవలలు అవి. చిత్రా వేసిన బొమ్మలతో సహా చదివితే తొమ్మిదేళ్ల పిల్లలు కదలరు. పిల్లలు ఇంగ్లీషులోనే చదువుతామంటే పద్మా వెంకట్రామన్ ‘ది బ్రిడ్జ్ హోమ్’ ఇవ్వండి. 2019లో వచ్చింది. ఇల్లు వదిలి నగరానికి పారిపోయి వచ్చిన అక్కచెల్లెళ్లు విజి, రుక్కు, అక్కడే పరిచయమైన అరుళ్, ముత్తు, నలుగురూ పాడుబడ్డ వంతెన మీద కాపురం పెడతారు. కత జరిగేది చెన్నైలో, అంటే మా వాళ్లు ఆస్పత్రికైనా పెళ్లి బట్టలకైనా పోయే ఊళ్లో. చివరి అధ్యాయాలు చదివేటప్పుడు నా గొంతు పూడుకుపోతే మిగిలింది మా పాపే చదివి ముగించింది.

ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’, ప్రచురణ సంస్థ ‘మంచి పుస్తకం’ కలిసి పిల్లల పుస్తకాల పోటీలు పెట్టి కొత్త పుస్తకాలు తెస్తున్నాయి. మంచి పని. ప్రవాసంలో పెద్ద సభలకు పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లిస్తే ఇంకా మేలు. తిరుపతి, చిత్తూరు ప్రచురణకర్తలకూ ఒక మనవి: సదానంద పిల్లల నవలలను పెద్ద అక్షరాలతో, మంచి బొమ్మలతో తీసుకురండి. మా ప్రాంతం యాసలో చదివించిన ఆడియో కూడా దానికి జోడించండి. తెలుగు చదవడం రాని పిల్లలకు అదే ఆధారం. ఎక్కడ అమ్మినా కొనుక్కుంటాం. ఈసారి ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే ఆవకాయ పక్కన ‘మిట్టూరోడి పుస్తకం’ ఒకటి పెట్టమని చెప్పండి.