విప్పని పలుపు

మా కాక పత్తి రైతు. ఊరు పరకాల దాపున. పంటను వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టుకు తెచ్చినప్పుడల్లా ముందురోజు రాత్రి హన్మకొండలో మా ఇంట విశ్రమించటం ఆయన అలవాటు. విత్తనాల ఖర్చు, మందుల ఖర్చు, కూలీలు రాసుకోవటానికీ, ఆనాటి ధర చూసుకోవటానికీ ఆయన కొరకని ఒక చిన్న ఆండ్రాయిడ్ యాప్ రాసి ఇచ్చాను. అది నా వృత్తే కనుక గొప్పగా చెప్పుకోదగినదేమీ లేదు. అయితే దానికొక జబ్బు ఉండేది. నా ఫోనులో నిక్షేపంగా నడిచేది. ఆయన పాత ఫోనులో మాత్రం కాసేపు వాడేసరికి హఠాత్తుగా మూతపడేది.

"లెక్క రాస్తాంటె మధ్యల ఆగమైతాంది కొడుకా, ఓపారి సూడు" అంటూ ఒక చలికాలపు సాయంత్రం ఫోను నా చేతికిచ్చాడు. ఇచ్చేముందు ఒక నిమిషం పాటు ఏదో నొక్కుతూ కూర్చున్నాడు. నేను పట్టించుకోలేదు.

నడుస్తున్న ప్రోగ్రాములో ప్రతి వస్తువుకూ, అంటే తెరకూ, పట్టికకూ, బొమ్మకూ, పేరుకూ మెమరీలో కొంత చోటు కావాలి. పని తీరిన వస్తువును తొలగించి ఆ చోటును తిరిగి ఇచ్చేది గార్బేజ్ కలెక్టర్. మన వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు, అంటే నేటి నిట్‌కు, నెహ్రూ శంకుస్థాపన చేసిన 1959 ప్రాంతంలోనే అమెరికాలో జాన్ మెకార్తీ లిస్ప్ భాష కొరకు ఈ పద్ధతిని కనిపెట్టాడు. 1960లో దానిని వివరిస్తూ వ్యాసం ప్రచురించాడు. నేటి ఫోన్లలో నడిచేది దాని సంతతే.

ఆ కలెక్టర్ "ఈ వస్తువు అవసరమా?" అని అడగదు. అది తెలుసుకునే దారి దానికి లేదు. "దీనిని ఎవరైనా పట్టుకుని ఉన్నారా?" అని మాత్రమే చూస్తుంది. పశువుల కొట్టాన్ని తలచుకోండి. గుంజకు పలుపుతో కట్టి ఉన్నంతకాలం అది పాలిచ్చే గేదెనా, వట్టిపోయినదా అన్న విచారణ ఉండదు, దాని జోలికి పోకూడదు. పని ముగిసినా పలుపు విప్పటం మరచిపోతే ఆ వస్తువు అలా పడి ఉంటుంది. దీనినే మెమరీ లీక్ అంటారు.

ఈ జబ్బుకు యాప్ మూతపడిన చోటు చూసి మందు వేయలేం. చోటు చాలక చివరగా చేయి చాచినవాడు దోషి కాడు. అందుకని నడుస్తున్న యాప్‌ను క్షణకాలం స్తంభింపజేసి, మెమరీలో ప్రాణంతో ఉన్న వస్తువులన్నింటినీ ఒక ఫైలులోకి దించుతాం. దాని పేరు హీప్ డంప్. ఆండ్రాయిడ్ స్టూడియోలో తెరిస్తే ఏ రకం వస్తువులు ఎన్ని ఉన్నాయో, ఎంత చోటు ఆక్రమించాయో, ఒక్కొక్కదానిని ఎవరు పట్టుకున్నారో కనిపిస్తుంది.

కాక ఫోనుకు తీగ తగిలించి ఆ పనే చేశాను. లెక్కల తెర ఒక్కటి ఉండవలసిన చోట పదకొండు ఉన్నాయి. ఫోనును అడ్డంగా తిప్పినప్పుడల్లా ఆండ్రాయిడ్ పాత తెరను రద్దు చేసి కొత్తది కడుతుంది. రద్దయిన పదీ పోలేదు. ప్రతి తెర చేతిలోనూ ఒక రసీదు ఫోటో. 1600 చుక్కల వెడల్పు, 1200 ఎత్తు, చుక్కకు 4 బైట్లు: ఒక్కో ఫోటోకు 76,80,000 బైట్లు. పదకొండింటికి ఎనిమిది కోట్ల పైచిలుకు. ఆ పాత ఫోను ఎలా తట్టుకుంటుంది?

గుంజ ఎక్కడుందో కూడా దొరికింది. తెర తెరుచుకోగానే "ధర మారితే నాకు చెప్పు" అని ధరలు తెచ్చే భాగానికి పేరు నమోదు చేయించాను. మూసుకునేటప్పుడు "ఇక చెప్పనక్కరలేదు" అనే ఒక్క వాక్యం రాయటం మరిచాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పాత తెరకూ కొత్త తెరకూ తేడా చూద్దామని రెండింటిలోని పద్దుల పట్టికలను విప్పాను. పాతదానిలో ఒక పద్దు ఎక్కువ ఉంది. డంపులో అక్షరాలు అక్షరాలుగానే కనిపిస్తాయి. "అప్పు, 2,00,000, మూడు రూపాయల మిత్తి." పక్కన మా ఊరి వ్యక్తి ఒకరి పేరు.

ఫోను ఇచ్చేముందు కాక ఆ నిమిషం ఏమి చేశాడో అప్పుడు అర్థమైంది. నాకు కనపడకూడదని ఆ పద్దును తీసేశాడు. అది తెరమీది నుంచి పోయింది, డేటాబేసు నుంచీ పోయింది. నేను విప్పని పలుపు కారణంగా ఎవరికీ కనపడని పాత తెరల్లో మిగిలింది. వాకిట్లో ఆయన మా అమ్మతో "ఈసారి పంట మంచిగనే ఉన్నది వదినా" అంటున్నాడు.

మరచిన వాక్యం చేర్చాను. ఫోనును పదిసార్లు తిప్పి మళ్ళీ డంపు తీశాను. తెర ఒక్కటే ఉంది. ఫైళ్ళు రెండూ చెరిపేశాను. కాని చూసినదానిని ఏమి చేయాలి? మౌనంగా ఉండటం మర్యాదే కావచ్చు. అయితే ఆయన నన్ను యాప్ బాగుచేయమన్నాడు గాని తన లెక్కలు చదవమనలేదు కదా.

తెల్లవారి మార్కెట్టుకు పోతూ దారిలో చెప్పాను. "కాకా, రాత్రి తప్పు దేవులాడుతాంటె నువ్వు తీసేసిన అప్పు లెక్క నాకు కనవడ్డది."

చాలాసేపు మాట్లాడలేదు.

"తీసేస్తె పోలేదా?"

"పోలేదు. తప్పు నాదే కాకా."

"మీ అమ్మకు చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. పత్తి అమ్మినంక నేనే చెప్త."

ఆనాటి నుంచి ఇతరుల ఫోను నుంచి డంపు తీయటం మానుకున్నాను. నా ఫోనులో కల్పిత పద్దులు నింపి, జబ్బును అక్కడే పుట్టించి వెతుకుతాను. 2015లో స్క్వేర్ సంస్థ విడుదల చేసిన లీక్‌కెనరీ అనే ఉచిత పనిముట్టు నా పరీక్షల్లో ఎప్పుడూ ఉంటుంది. మూసిన తెర ఐదు సెకన్ల తర్వాత కూడా మిగిలి ఉంటే అది గుర్తిస్తుంది, ఏ పలుపు ఏ గుంజకు కట్టి ఉందో వరుసగా చూపుతుంది. తప్పనిసరై ఎవరినైనా డంపు పంపమని అడిగితే, వారు ఆ తెరల్లో రాసినవీ చూసినవీ అందులో ఉండవచ్చని ముందుగానే చెబుతాను.

ఆ మధ్యాహ్నం కాంటా అయింది. కాక తక్‌పట్టీని జేబులో పెట్టుకుని, ఫోను తీసి, నా పక్కనే నిలబడి రాయసాగాడు. ఒకసారి అడ్డంగా తిప్పాడు, మళ్ళీ నిలువుగా తిప్పాడు. "ఇగ ఆగమైతలేదు" అంటూ చూడమని నా వైపు చాచాడు. పత్తి సొమ్ము కింద నిన్న తీసేసిన పద్దును పేరుతో సహా మళ్ళీ రాశాడు.